ఎడమ పక్క చిల్లులు

మా ఆయనకు కుడి చెయ్యి పడిపోయాక ఆ చేతి పనులన్నీ నా చేతికి వచ్చాయి. అన్నం కలిపి పెట్టడం, చొక్కా గుండీలు పెట్టడం, పేపరు పట్టుకుని పేజీ తిప్పడం. వాటితోపాటు కారు తుడవడం కూడా వచ్చింది. మిగతా వాటికి నాకు విసుగు లేదు. కారు దగ్గరికి వెళ్ళాలంటే మాత్రం, ఉన్న మాట చెబుతున్నాను, ఒళ్ళు బరువెక్కేది. పనివాళ్ళు లేక కాదు, వాళ్ళు తుడిస్తే ఆయనకు నచ్చదు. నేను తుడిచినా నచ్చదు గాని, నన్ను తిట్టడం అలవాటు గనుక సర్దుకుపోయేవారు.

ఆ కారును ఎంజీ అంటారు. ఇంగ్లండు బండి. రెండే సీట్లు, పైన మడత పెట్టే గుడ్డ టాపు, ఒంటికి దంతం రంగు, లోపల ఆకుపచ్చ తోలు. మా మామగారు పల్లంరాజుగారు యాభై రెండులో మద్రాసు నుంచి కొత్తది తెప్పించి కొడుక్కి ఇచ్చారు. నేను ఈ ఇంటికి కాపరానికి వచ్చేసరికి అది వచ్చి మూడేళ్ళయింది. మా అత్తగారు అప్పటికే పోయారు. ఇంట్లో నాకన్నా ముందొచ్చి, కదలకుండా కూర్చుని, చాకిరీ చేయించుకునేది ఆ కారే గనుక అదే నాకు అత్తగారని నవ్వుకునేదాన్ని. నవ్వే వయసు అది.

మొగల్తూరు చుట్టుపక్కల ఎవరికి ఏ పేరున్నా, మా ఆయన గోపాలకృష్ణంరాజుగారి పేరు ఆ కారు వల్ల వచ్చింది. విశాఖపట్నం నుంచి, మద్రాసు నుంచి మనుషులు తమ బళ్ళ ఫోటోలు పట్టుకుని వచ్చేవారు, ఇది ఎప్పటిది, ఇందులో ఏది అసలు, ఏది తర్వాత అతికించింది చెప్పమని. ఒకే పేరున్న బండే అయినా, ఏ ఏడు తయారైందో దాన్నిబట్టి ఫ్యాక్టరీలోనే చిన్న చిన్న తేడాలు చేసేవారట. మొదట్లో వచ్చిన వాటికి చక్రం రేకు పళ్ళెంలా నున్నగా ఉంటుంది, తర్వాతి వాటికి చుట్టూ చిల్లులుంటాయి. వెనక దీపం మొదట పలకగా ఉండేది, చివర్లో గుండ్రమైంది. సీటులో మనం ఆనుకునే ముఖం వరకే తోలు, వెనకా పక్కలా తోలు లాంటి గుడ్డ. మొత్తం తోలే ఉందంటే ఎవరో తర్వాత కుట్టించారన్నమాటే. నేను చదివింది మూడో తరగతి. ఇవన్నీ వసారాలో కాఫీలు అందిస్తూ ఏళ్ళ తరబడి విన్నవి. పెళ్ళిళ్ళకు వెళ్తే మిగతా ఆడవాళ్ళు మెడలో కెంపులు అసలువా కావా అని చూస్తారు. నేను పందిరి బయట నిలబెట్టిన బళ్ళ దీపాలు చూసేదాన్ని.

రెండువేల రెండులో, ఆయనకు పక్షవాతం వచ్చిన మరుసటి ఏడు, హైదరాబాదులో పాత కార్ల పోటీ పెడుతున్నారని కబురొచ్చింది. అందులో రెండు వరసలు. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చాయో అలాగే ఉన్న బళ్ళు మొదటి వరస. తర్వాత ఎవరి చెయ్యయినా పడ్డవి రెండో వరస. మొదటి వరసలో నిలబెట్టాలంటే ముందుగా పోటీ పెట్టే సంఘంవాళ్ళ మనిషి వచ్చి చూసి సంతకం పెట్టాలి. ఆ కబురు విన్న రోజు నుంచి ఆయన మందులు అడిగి మరీ వేసుకున్నారు. చెయ్యి రాదని, నడక రాదని తెలుసు. ఇక మిగిలింది ఇదొక్కటే అన్నట్టు, ఆ మొదటి వరస కోసం కాచుకుని కూర్చున్నారు. నేను రోజూ పొద్దున్న ఆ సీట్ల కుట్ల మధ్య దుమ్ము పాత పళ్ళ బ్రష్షుతో తీసేదాన్ని. నడుం వంగితే లేచేది కాదు.

కార్తీకం వెళ్ళాక రాజమండ్రి నుంచి ఉదయభాస్కర్‌గారు వచ్చారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, సన్నగా, మర్యాదగా ఉంటారు. చేతిలో టార్చిలైటు, చిన్న అద్దం, భుజాన సంచి. మా ఆయన కుర్చీని కారు షెడ్డు గుమ్మంలో వేయించుకుని కూర్చున్నారు.

“రాజుగారూ, మీ బండి నేను చూడ్డమంటే గురువుగారికి పరీక్ష పెట్టినట్టుందండి,” అన్నారాయన.

“పెట్టండి. మార్కుల దగ్గర మాత్రం మొహమాటపడండి,” అన్నారు మా ఆయన. అప్పటికి మాట కొంచెం ముద్దగా వచ్చేది. ఎదుటివాళ్ళకు అర్థం కాకపోతే నేను మళ్ళీ చెప్పేదాన్ని. భాస్కర్‌గారికి ఆ అవసరం పడలేదు.

ఆయన చక్రాలు చూశారు. దీపాలు చూశారు. సీటు వెనక్కి అద్దం పెట్టి, తోలు ఎక్కడ ఆగిందో గుడ్డ ఎక్కడ మొదలైందో వేలితో తడిమారు. స్పీడూ ఆయిలూ చూపే గడియారాల ముఖాలు చూశారు. చూసినవాటికల్లా “ఆయ్, బాగుందండి,” అంటూ రాసుకున్నారు. మా ఆయన మొహంలో కళ వచ్చింది. నేను మజ్జిగ తేబోతూ ఉండగా భాస్కర్‌గారు ఎడమ పక్కకు వెళ్ళి ఆగారు.

“ఇవేంటండీ?”

ముందద్దం ఎడమ కమ్మీకి ఒక ఇత్తడి స్క్రూ. దానికి సూటిగా, సీటు వెనక రేకు మీద ఎడమ మూలన ఇంకొకటి. రెండింటి తలలూ అరగదీసి రంగు పూసి ఉన్నాయి. తెలిసి చూస్తే తప్ప కనపడవు.

“ఫ్యాక్టరీవే,” అన్నారు మా ఆయన. “వేడి దేశాలకు పంపిన వాటిలో ఎండకు తెర కట్టుకోడానికి చిల్లులు పెట్టేరు. అక్కర్లేనివాళ్ళ కోసం స్క్రూలు బిగించి పంపేరు. అలాంటిది దేశం మొత్తానికి ఇదొక్కటే.”

“పుస్తకాల్లో ఎక్కడా చూళ్ళేదండి.”

“పుస్తకం రాసినవాడు మొగల్తూరు వచ్చేడా?”

భాస్కర్‌గారు నవ్వారు గాని టార్చిలైటు ఆర్పలేదు. “ఒక్క స్క్రూ తీసి చూస్తానండి. నిమిషం పని.” తర్వాత నా వైపు తిరిగి, “ఏం లేదమ్మా, ఫ్యాక్టరీలో ముందు చిల్లు పొడుస్తారు, తర్వాత రంగేస్తారు. చిల్లు లోపలి అంచుక్కూడా రంగు పడుతుంది. ఇంటి దగ్గర పొడిస్తే రంగు మీంచి పొడుస్తారు గదా, అంచు పచ్చి ఇనుమే ఉంటుంది,” అన్నారు.

“తియ్యొద్దు,” అన్నారు మా ఆయన.

“మళ్ళీ బిగించేస్తానండి.”

“తియ్యొద్దన్నాను.”

“చూడకుండా సంతకం ఎలా పెట్టనండీ? మీరైతే పెడతారా?”

భోజనాల వేళయిందని నేను అడ్డుపడ్డాను. భాస్కర్‌గారికి వసారాలో వడ్డించి, ఈయనకు లోపల గదిలో కలిపి పెట్టాను. రొయ్యలు గోంగూరలో వేసి చేసిన కూర, ఆయనకు ఇష్టమే. రెండు ముద్దలకే మొహం తిప్పుకున్నారు.

“ఒక్క స్క్రూ గదండీ. తీస్తే పోయేదేముంది?” అన్నాను.

“ఫ్యాక్టరీది కాకపోతే?”

“కాకపోతే రెండో వరస. బండి మన షెడ్డులోనే ఉంటుంది గదా.”

ఆయన నా చెయ్యి పక్కకు నెట్టారు. “ఈ బండి మీద చెయ్యి వెయ్యనని మా నాన్న నాకు మాటిచ్చేడు మాణిక్యం. నా విషయంలో ఆయన నిలబెట్టుకున్నది ఆ ఒక్క మాటే. అదీ లేదని ఇప్పుడు తెలిసి నేనేం చేసుకోను?”

నేను ముద్ద మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను.

ఆ మాట వెనక సంగతి నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పి, మళ్ళీ ఎత్తలేదు. ఆయన మద్రాసులో చదువుకుంటున్నారు. హాస్టల్లో కారు ఉంచుకోనివ్వరు గనుక బండి ఊళ్ళోనే ఉంది, తను ముట్టుకోనని, ఎవరినీ ముట్టుకోనివ్వనని తండ్రి మాటిచ్చి పంపారు. ఆ ఏడే మా అత్తగారికి కడుపులో జబ్బు చేసింది. అమ్మను రాజమండ్రి తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించమని ఈయన ఉత్తరం మీద ఉత్తరం రాశారు. “చూద్దాం, నీ పరీక్షలు చూసుకో,” అని తండ్రి జవాబు. పరీక్షలు కాకముందే ఆవిడ పోయారు. ఈయన వచ్చేసరికి కర్మకాండ నడుస్తోంది. మా రాజుల ఇళ్ళలో అప్పుడు ఘోషా గట్టిగా ఉండేది. పరాయి మగాడి కన్ను ఆడవాళ్ళ మీద పడకూడదు. బండెక్కినా పడవెక్కినా చుట్టూ తెరలే. “మహాతల్లి, గడప దాటకుండానే వెళ్ళిపోయింది,” అని ఊరంతా మా అత్తగారిని పొగిడిందట. ఆ పొగడ్త ఈయనకు గుండెల్లో ముల్లయింది. పరువు కోసం నాన్న అమ్మను ఇంట్లోనే చంపుకున్నాడని నమ్మారు. ఆ తర్వాత మా మామగారు పన్నెండేళ్ళు బతికారు. తండ్రీ కొడుకులు చేల గురించీ కాలవ నీళ్ళ గురించీ తప్ప ఇంకో మాట మాట్లాడుకోగా నేను వినలేదు.

అన్నం తినిపించడం అయిందనిపించి, మళ్ళీ కుర్చీ షెడ్డు గుమ్మంలోకి జరిపించాను. భాస్కర్‌గారు సంచి సర్దుకుంటున్నారు. అప్పుడే మా వెనకింట్లోంచి అచ్చాయమ్మగారు వచ్చారు. మా మామగారి చెల్లెలు. ఎనభై నాలుగేళ్ళు. కర్ర ఊతమే గాని, మధ్యాహ్నం తిన్నాక మా ఇంట్లో ఆకూ వక్కా వేసుకోకపోతే ఆవిడకు పొద్దుపోదు. వచ్చి షెడ్డు అరుగు మీద కూలబడి వక్క కత్తిరించుకుంటున్నారు.

నేను కాఫీ గ్లాసులు పట్టుకుని కారు పక్కన నిలబడి ఆ స్క్రూల కేసి చూశాను. రోజూ తుడిచే చోటే. తుడిచే కంటికి మట్టి కనపడుతుంది గాని మిగతాది కనపడదు. భీమవరం దగ్గర మా పుట్టింట్లో మా నాన్నగారికి పెద్ద కారుండేది. దాని తలుపుల మీద ఇత్తడి కడ్డీలు, వాటికి తెరలు. తెర వెనక కూర్చున్న పిల్ల కంటికి కడ్డీ ఎంత ఎత్తులో ఉంటుందో నాకు తెలుసు. ఈ స్క్రూలూ ఆ ఎత్తులోనే ఉన్నాయి.

“ఏవండీ,” అన్నాను, “ఎండ ఎడమ పక్కనే కొడుతుందా?”

“ఏంటి?”

“ఫ్యాక్టరీవాళ్ళు ఎండ తెర కోసం పెడితే రెండు పక్కలా పెడతారు గదా. కుడి పక్క లేవు. నేను రోజూ తుడుస్తాను గదండీ, అటు ఏమీ లేవు.”

భాస్కర్‌గారు చప్పున కుడి పక్కకు వెళ్ళి టార్చి వేశారు. మా ఆయన ఏదో అనబోయేలోగా అరుగు మీంచి అచ్చాయమ్మగారు తలెత్తకుండానే అన్నారు.

“కుడి పక్క తెరెందుకమ్మాయ్? అటు మా అన్నయ్య గదా కూచునేవాడు.”

భాస్కర్‌గారు టార్చి దించి ఇటు తిరిగారు.

“ఏ తెర అత్తయ్యా?” అన్నారు మా ఆయన.

“మీ అమ్మకి కట్టిన తెర అబ్బాయ్. రాజమండ్రి తీసుకెళ్ళినప్పుడు.”

“మా అమ్మ రాజమండ్రి వెళ్ళలేదు.”

“వెళ్ళలేదని ఎవరు చెప్పేరు?”

“ఊరంతా చెప్పింది.”

“ఊరికి తెలీకూడదనే గదా తెర కట్టింది,” అన్నారావిడ. వక్క నోట్లో వేసుకున్నారు. “చీకటుండగా వెళ్ళేవాళ్ళు, మళ్ళీ చీకటి పడ్డాకే వచ్చేవాళ్ళు. ఇంట్లో నాకూ వంటమనిషికీ తప్ప తెలీదు.”

నేను గ్లాసులు కింద పెట్టి వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నిలబడ్డాను. అచ్చాయమ్మగారు చెప్పుకుపోయారు. అడగనంతవరకు ఆవిడ ఏదీ చెప్పరు, అడిగాక ఆపరు.

“బండికి ఫ్యాక్టరీవాళ్ళిచ్చిన పక్క తెరలు ఉండేవి గదా, వాటికి మధ్యలో అద్దంలాంటి కాయితం. అందులోంచి మనిషి కనపడిపోతుందని మీ అమ్మ ఎక్కనంది. అందుకని కమ్మరిని పిలిపించి, కడ్డీ బిగించడానికి చిల్లులు పొడిపించి, నా దుప్పటి చించి తెర కుట్టేం. ముందద్దంలోంచి మొహం కనపడకుండా పైట లాక్కునేది. ఇంకోటి, ఉన్నవి రెండే సీట్లు. డ్రైవరు పక్కన మా వదిన కూచుంటుందా? అందుకని మా అన్నయ్యే తోలడం నేర్చుకున్నాడు, నరసాపురం బస్సు డ్రైవరుని పిలిపించుకుని. కొవ్వూరు దాకా బండి, అక్కణ్ణుంచి లాంచీ. లాంచీలో గొడుగు అడ్డం పెట్టి కూచోబెట్టేవాడట. ఎన్నిసార్లు వెళ్ళేరో. చివరికి ఆ డాక్టరు, చాలా ఆలస్యమైందండి, ఇంక తిప్పొద్దు అన్నాడు.”

“నాకు రాయలేదే.”

“మీ అమ్మ ఒట్టేయించుకుంది, పిల్లాడి చదువు పాడవుతుందని.”

“తర్వాతైనా చెప్పొచ్చుగా అత్తయ్యా. ఇన్నేళ్ళూ...”

“నువ్వు అడిగేవా? ఈ కారు దగ్గర ఎవరైనా నోరు విప్పితే కసిరేవాడివి. పైగా నీకు తెలుసనుకున్నాను. బండి మీద ఈగ వాలితే కనిపెట్టేవాడివి, చిల్లు కనిపెట్టలేదా?” ఆవిడ గొంతు తగ్గింది. “మా అన్నయ్యకి ఒకటే దిగులు. అబ్బాయి బండికి చిల్లు పొడిచేను, మాట తప్పేను, వాడొస్తే ఏం చెప్పను అని. నువ్వొచ్చే ముందు దగ్గర కూచుని స్క్రూలు బిగించి, అరగదీసి, రంగు పూసేడు.”

మా ఆయన ఏడవలేదు. పక్షవాతం వచ్చాక చిన్నదానికీ కళ్ళ నీళ్ళు వచ్చే మనిషి, అప్పుడు మాత్రం కళ్ళు ఎండిపోయినట్టు కారు కేసి చూస్తూ కూర్చున్నారు. “భాస్కర్‌గారూ, ఆ వెనక స్క్రూ తియ్యండి,” అన్నారు.

యాభై ఏళ్ళ నాటిది, ఓ పట్టాన కదల్లేదు. భాస్కర్‌గారు నూనె చుక్క వేసి, ఆగి, మెల్లగా తిప్పి తీశారు. టార్చి వేసి వంగి చూశారు.

“రంగు లేదండి. పచ్చి ఇనుమే. తుప్పు పట్టింది,” అన్నారు, తప్పు తనదైనట్టు.

“నన్ను లేపు,” అన్నారాయన నాతో. బరువంతా నా భుజం మీద వేసి లేచారు. ఇద్దరం పట్టుకుని కారు దాకా నడిపించాం. ఎడమ చేతి వేలు ఆ చిల్లు అంచు మీద పెట్టి చుట్టూ తిప్పారు. నా భుజం పీకేస్తోంది, అయినా కదల్లేదు.

భాస్కర్‌గారు గొంతు సవరించుకున్నారు. “రాజుగారూ, ఇక్కడున్నది మనమేనండి. పక్క తెరల బిగింపులని రాసేస్తాను. ఈ బళ్ళకి పక్క తెరలు ఎలాగూ ఉన్నాయి గదా, ఎవరూ అడగరు. మొదటి వరసలోనే ఉండనీండి.”

“మీరలా రాస్తే రేపు ఇంకెవడో తన బండికి ఈ చిల్లులు లేవని బెంగపెట్టుకుని పొడిపించుకుంటాడు. బంగారం లాంటి బండి పాడవుతుంది,” అన్నారు మా ఆయన. “రెండో వరసలో రాయండి.”

“ఆలోచించుకోండి. ఇన్నాళ్ళుగా మీరు...”

“రాయండి.”

ఆయన కాగితం తీశారు. “మార్పు ఎవరు చేశారని అడుగుతుందండి ఇందులో.”

“పల్లంరాజుగారు. మా నాన్నగారు.”

“ఎందుకు చేశారని రాయమంటారు?”

“అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి.”

భాస్కర్‌గారు కలం పట్టుకుని కాగితం అటూ ఇటూ చూశారు. “అలాంటిది రాయడానికి గడి లేదండి.”

“పక్కన రాయండి. చోటుంది గదా.”

పక్కనే రాశారు. అక్షరాలు చిన్నవి చేసుకుని, వంకరగా, అంచు దాకా.

భాస్కర్‌గారు వెళ్ళేసరికి ఎండ వాలింది. మా ఆయనను మళ్ళీ కుర్చీలో దించి, కాళ్ళ కింద బల్ల పెట్టాను. మాత్రలు తెచ్చి నీళ్ళు పట్టాను. పొయ్యి మీద పాలు అలాగే ఉన్నాయి, గేదె దగ్గర పాలేరు కేకేస్తున్నాడు, నా నడుం నాది కాదన్నట్టుంది. అచ్చాయమ్మగారు కర్ర తీసుకుని లేవబోయారు.

“కూచోండత్తయ్యా,” అన్నారు మా ఆయన. “నాన్నగారు ఎలా తోలేవారు?”

“ఎలా తోలుతాడు, ఎద్దుల్ని తోలినట్టే. గేరు మార్చినప్పుడల్లా నాలిక టకటకలాడించేవాడు. అలవాటు మరి. మీ అమ్మకి కడుపు నెప్పిలోనూ నవ్వొచ్చేదట.”

ఆయన నవ్వారు. మూతి ఒక పక్కకే కదిలింది. “అమ్మ చెప్పిందా?”

“వచ్చిన రాత్రి పడుకోబెడుతుంటే చెప్పేది.”

“ఏం చెప్పేది? మొదట్నుంచి చెప్పండి.”

“రేపు చెబుతానబ్బాయ్. దీపాలు పెట్టే వేళయింది.”

“రేపు కాదత్తయ్యా.”

ఆవిడ నా కేసి చూశారు. నేను పాలు దింపి వస్తానని చెప్పి ఇంట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆవిడ అరుగు మీద సర్దుకుని కూర్చుని, మొదటిసారి బండి ఎక్కించిన పొద్దు దగ్గర్నుంచి మళ్ళీ ఎత్తుకున్నారు. ఆయన చిన్న పిల్లాడిలా మెడ ముందుకు చాచి వింటున్నారు. నాకు నిలబడే ఓపిక లేక, కారు ఎడమ తలుపు తీసుకుని ఆ సీటులో కూర్చుని విన్నాను.